కావలి నుంచి పుణెకు: పాపతో మొదటి విమానం, సెక్యూరిటీ దగ్గర నా అనుభవం

నిన్న సాయంత్రమే పినాకిని రైల్లో కావలి చేరాం. తెచ్చిన బట్టలు ఇంకా మూటలోనే ఉన్నాయి. అయినా ముందు ఇది రాసి తీరాలనిపించింది. వచ్చే నెలలో మా చెల్లెలు తన కూతుర్ని తీసుకుని మొదటిసారి విమానం ఎక్కబోతోంది. నేను పడ్డది అది పడకూడదు.

మా పాపకు ఆరేళ్ళు. మావారికి పుణెలో ఉద్యోగం, దసరా సెలవులకు మేమే అక్కడికి వెళ్ళాలనుకున్నాం. మన నెల్లూరు జిల్లాలో ఎయిర్‌పోర్ట్ లేదు. దగదర్తిలో వస్తుందని ఏళ్ళ తరబడి వింటూనే ఉన్నాం. అందాకా మనకు దిక్కు రేణిగుంట, కాదంటే మద్రాసు. మేం మద్రాసు నుంచి తీసుకున్నాం.

టికెట్లు మా ఊళ్ళో ఒక ట్రావెల్స్ అతని దగ్గర చేయించాను. అక్కడే తప్పు చేశాను. "పిల్లకు సగమే అక్కా" అన్నాడు, తీరా చూస్తే పూర్తి డబ్బులు పడ్డాయి. రెండేళ్ళు దాటిన బిడ్డకు సీటు కొనాల్సిందే, బస్సులో లాగా అర టికెట్టు ఉండదు. బోర్డింగ్ పాసులు తీసిచ్చినందుకు ఇంకో రెండు వందలు పట్టాడు. ఫోన్లో మనమే ఊరికే చేసుకునే పని అది. తెలియని ఆడవాళ్ళు కనిపిస్తే చాలు, ఇట్లాంటివాళ్ళకు పండగే. చదువుకున్న పిల్లలు ఇంట్లో ఎవరున్నా వాళ్ళనే అడగండి.

సామాను సంగతి పెద్దగా లేదు. పెద్ద పెట్టె 15 కిలోలు, చేతి సంచి 7 కిలోలు. ఆవకాయ జాడీ మూత మీద కవరు చుట్టి పెద్ద పెట్టెలో పెట్టాను. అత్తమ్మ కొడుక్కోసం ఎండుకొబ్బరి చిప్పలు సర్దింది, అవి తీయించాను. వాటిలో నూనె ఉంటుంది, నిప్పు అంటుకునే సరుకు కింద లెక్క, విమానంలో ఒప్పుకోరు. రెండు రోజులు అలిగింది పాపం.

నాకు ఇంకా కోపం తగ్గనిది మా పక్కింటి పెద్దాయన మీద. వెళ్ళే ముందు పాపను దగ్గర కూర్చోబెట్టుకుని, "ఆడ తుపాకులు పట్టుకోని ఉంటారు మే, అల్లరి చేస్తే పట్టుకోని పోతారు" అన్నాడు. ఆయన సరదాకి అన్నాడు. పాప రెండు రాత్రులు నా చెయ్యి వదలకుండా పడుకుంది. పిల్లల్ని పోలీసుల పేరు చెప్పి బెదిరించడం మన ఇళ్ళల్లో పెద్ద రోగం. రేపు ఏ తిరునాళ్ళలోనో తప్పిపోతే ఆ బిడ్డ పోలీసు దగ్గరికి పోతుందా, పోలీసును చూసి పారిపోతుందా?

అందుకని నేనే ఇంట్లో ఎయిర్‌పోర్ట్ పెట్టాను. చాప పొడుగ్గా పరిచి అది బెల్టు అన్నాను. అన్నం తినే పళ్ళెం ట్రే. మంచం మీది దుప్పటి కిందికి వేలాడదీస్తే ఎక్స్‌రే మిషను. పాప తన గుడ్డ బొమ్మను పళ్ళెంలో పడుకోబెట్టి దుప్పటి కిందికి తోయాలి, అవతలి వైపు నుంచి నేను తీసివ్వాలి. పదిసార్లు ఆడింది. బొమ్మ కాసేపు కనపడదు, మళ్ళీ వస్తుంది అని బాగా అర్థమైంది. గుమ్మంలోంచి మెల్లగా, ఎక్కడా తగలకుండా నడవడం కూడా నేర్పాను. మద్రాసులో తీరా బెల్టు దగ్గరికి వచ్చాక పక్కన పెద్దవాళ్ళే సెల్లు తీయాలా, వాచీ తీయాలా అని తికమక పడుతుంటే నా కూతురు బొమ్మను తనే ట్రేలో పెట్టి, వాటర్ బాటిల్ తీసి పక్కన నిలబెట్టింది. నాకు ఎంత గర్వమనిపించిందో!

ఆడవాళ్ళ వరస వేరే ఉంటుంది. ద్వారం లాంటి మిషన్‌లోంచి నడిచాక, పరదా కట్టిన చిన్న గదిలోకి పంపుతారు. లోపల యూనిఫారంలో ఒక ఆడమనిషి ఉంటుంది. అరుగు లాంటి చిన్న పీట ఎక్కి చేతులు చాచి నిలబడాలి. ఆమె చేతి మిషనుతో, చేత్తో ఒళ్ళంతా తడిమి చూస్తుంది. నన్ను చూడటం అయింది. పాపను పీట ఎక్కించాను. మిషను కాళ్ళ దగ్గరికి వచ్చేసరికి కూ అని మోగింది. పాప వెండి పట్టీలు! పుట్టినప్పటి నుంచీ కాళ్ళకు ఉన్నవే కదా, అవి ఉన్నాయన్న సంగతే నాకు తట్టలేదు. ఆమె వంగి పట్టీ తడిమింది, తర్వాత గౌను నడుం దగ్గర చెయ్యి వేసింది.

పాప గట్టిగా అరిచింది. "నో! బ్యాడ్ టచ్! మా, ఈమె బ్యాడ్ టచ్ చేస్తా ఉంది!" అని పీట మీంచి దూకి పరదా తోసుకుని బయటికి పరుగెత్తింది.

బయట జనం అంతా తిరిగి చూశారు. ఒక జవాను పాపకు అడ్డంగా నిలబడ్డాడు. పెద్దాయన చెప్పిన తుపాకీ సరిగ్గా అతని భుజానే ఉంది. పాప కింద కూలబడి నా చీర కుచ్చిళ్ళు పట్టుకుంది. నా సంచీ, సెల్లు బెల్టు చివర ఎవరికీ పట్టనట్టు పడి ఉన్నాయి. పక్క వరసలో ఒకాయన, మన తెలుగాయనే, "పిల్లకు ఏం నేర్పకుండా తీసుకొస్తారు, మన ఫ్లైట్లు పోవాల" అన్నాడు. హిందీలో ఎవరేమన్నా నాకు ఇంత తగిలేది కాదు. చెయ్యెత్తాను కూడా, కొట్టడానికి. ఎత్తిన చెయ్యి అట్లాగే ఆగిపోయింది.

ఎందుకంటే ఏం నేర్పలేదని కాదు, నేర్పింది నేనే. పిల్లల మీద లైంగిక వేధింపులను అడ్డుకునే పోక్సో చట్టం గురించి పాప స్కూల్లో చెప్పారు. ఇంటికొచ్చాక నేను రోజూ ఒత్తి ఒత్తి చెప్పాను: ఎవరైనా అక్కడ చెయ్యి వేస్తే నో అని అరువు, పరుగెత్తు, నాకు చెప్పు. నా బిడ్డ మూడూ చేసింది, వరస తప్పకుండా చేసింది. ఆ తెలుగాయనకు నేను అక్కడ జవాబు చెప్పలేకపోయాను. ఇక్కడ చెబుతున్నాను: నా కూతురు చేసింది రైటు. విమానం పోయినా సరే, దాన్ని తప్పు అని పాపకు చెప్పను.

లోపలి ఆమె బయటికి వచ్చింది. ఆమెకు తెలుగు రాదు, నాకు హిందీ అంతంతే. కానీ "బ్యాడ్ టచ్" అన్న మాట ఆమెకూ అర్థమైంది. కోప్పడలేదు. పాపకు రెండడుగుల దూరంలో కూర్చుని, చేతి మిషనును తన చేతి గడియారం దగ్గర పెట్టింది. మోగింది. నా గాజుల దగ్గర పెట్టింది. మోగింది. పాప ముక్కు తుడుచుకుంటూ చూస్తోంది. తర్వాత ఆమె నా వైపు చూసి, పాప కాళ్ళ దగ్గర మిషను పట్టుకుంది. మోగింది. "మా, పట్టీలే అరస్తా ఉండాయి" అంది పాప. అప్పుడు నేనే పాపను పీట ఎక్కించి, ఒక చెయ్యి పట్టుకుని పక్కనే నిలబడ్డాను. నిమిషం కూడా పట్టలేదు.

తర్వాత గేటు, విమానం, మబ్బులు, అన్నీ మామూలే.

పుణెలో ఉన్న పది రోజులూ నేను ఒక్కటే పని పెట్టుకున్నాను, ఆ పాఠంలో నేను వదిలేసిన భాగం చెప్పడం. డాక్టరు పొట్ట చూస్తాడు కదా, అప్పుడు అమ్మ పక్కనే ఉంటుంది. ఇక్కడా అంతే. ముందు ఆమె అమ్మను చూస్తుంది, నువ్వు చూస్తూ ఉంటావు. తర్వాత నిన్ను చూస్తుంది, నేను చూస్తూ ఉంటాను. బట్టల మీంచే చూస్తుంది. ఇది రహస్యం కాదు, నాన్నకు చెప్పొచ్చు, నాయనమ్మకు చెప్పొచ్చు. ఎవరైనా రహస్యంగా ఉంచమంటే మాత్రం మళ్ళీ నో అని అరవాల్సిందే. పాప మావారిని గోడ దగ్గర నిలబెట్టి టీవీ రిమోటుతో చెక్ చేసేది, ఆయన చొక్కా గుండీల దగ్గర "కూ" అనేది.

చెల్లీ, ట్రే ఆట ఒక్క పూట ఆడించినా చాలు. ఈ ముక్క మాత్రం వారం ముందే మొదలుపెట్టు. పట్టీలు, మొలతాడు, తాయెత్తు ఇంట్లోనే తీసి చిన్న సంచిలో వేసి చేతి సంచిలో పెట్టుకో. కసుమూరు దర్గాలో కట్టించిన తాయెత్తు తీయకూడదని అత్తగారు అంటే, తీయొద్దులే, కానీ అది మోగుతుందని బిడ్డకు ముందే చెప్పి పెట్టు. పాప ఆధార్ కూడా దగ్గర పెట్టుకో.

తిరిగి వచ్చేటప్పుడు పుణెలో పరదా ముందు పాప నా చెయ్యి వదిలి, "ముందు మా అమ్మను చూడండి" అంది, తెలుగులోనే. లోపలి ఆమెకు ఏం అర్థమైందో గాని నన్నే ముందు పిలిచింది. తర్వాత పాప పీట ఎక్కి రెండు చేతులూ చాపింది, నా మొహం మీంచి చూపు తిప్పలేదు. ఏదీ మోగలేదు.

గూడూరు దాటాక పట్టీలు అడిగింది. రైలు ఊపులో శీల దూరక చాలాసేపు పట్టింది. నెల్లూరు స్టేషన్లో బండి ఆగినప్పుడు రెండో కాలిది పెట్టాను.