కంతలు, దారాలు, నట్లు

ఉస్మానియా ఇంజనీరింగ్ కాలేజీలో మాకు ఆపరేషన్స్ రీసెర్చ్ (ఏది ఎక్కడ, ఎంత ఉంటే ఖర్చు తగ్గుతుందో లెక్కగట్టే పాఠం) చెప్పిన సారు పేరు ఇక్కడ రాయను. పొగడ్తలంటే ఆయనకు గిట్టదు.

ఓ రోజు ప్లైవుడ్ చెక్కొకటి చంకలో పెట్టుకుని క్లాసుకొచ్చారు. మీద హైదరాబాద్ మ్యాపు అతికించి, మేడ్చల్, పటాన్‌చెరు, శంషాబాద్‌ల దగ్గర కంతలు పెట్టారు. మూడు దారాల కొసలు పైన కలిపి ముడేసి, కంతల్లోంచి కిందికి దిగిన కొసలకు వర్క్‌షాపు నట్లు కట్టారు. ఎక్కడి సరుకు ఎంతో అక్కడ అన్ని నట్లు. వదలగానే ముడి జారి ఒకచోట ఆగింది. "గోడౌను అక్కడ." ఎక్కడ పెడితే రవాణా ఖర్చు అతి తక్కువని జర్మన్ ఆర్థికవేత్త ఆల్‌ఫ్రెడ్ వెబర్ 1909లో ఫ్యాక్టరీల గురించి వేసిన ప్రశ్నే అది. (దారాల్లా మన రోడ్లు తిన్నగా ఉండవు, అది వేరే సంగతి.)

పటాన్‌చెరు దారానికి ఇంకో నట్టు తగిలిస్తే ముడి వేలెడు అటు జరిగింది. శంషాబాద్ బరువు మిగతా రెండింటి మొత్తాన్ని బాగా మించేలా పెంచితే, ఆ కంత దగ్గరికే పోయి కూర్చుంది. తర్వాత అవతల ఒక్కో నట్టు కలిపినా కదల్లేదు.

ఇక బోర్డు మీద లెక్క. మేడ్చల్‌లో గోడౌను ఉంది. శంషాబాద్‌లో రెండోది తెరిస్తే నెలకు కిరాయి 3 లక్షలు, లారీ ఖర్చులో మిగిలేది 3 లక్షల 40 వేలు. తెరవాలన్న జవాబుకు సగం మార్కులే. అది ఎంతవరకు నిలుస్తుందో చెబితే మిగతా సగం. కిరాయి సుమారు 13 శాతం పెరిగితే, లేదా లారీ ఖర్చు సుమారు 12 శాతం తగ్గితే జవాబు తిరగబడుతుంది. రెండూ ఒకేసారి చెరో 20 శాతం పెరిగినా తేడా రాదు. అక్కడితో వదిలేవారు కాదు. లారీ ఖర్చు 15 శాతం తగ్గిందనుకుందాం. నష్టం నెలకు 11 వేలు. దానికోసం మూసేస్తారా? ర్యాకులు విప్పించి, హమాలీల లెక్క తేల్చేసరికి ఎంతవుతుందో చూడమనేవారు.

ఉద్యోగంలో ఆ లెక్క 2017 జూలై 1న ఎదురైంది. అంతకుముందు పక్క రాష్ట్రానికి నేరుగా అమ్మితే 2 శాతం కేంద్ర అమ్మకపు పన్ను. సొంత గోడౌనుకు సరుకు పంపుకుంటే ఆ పన్ను లేదు. అందుకే కంపెనీలు రాష్ట్రానికొకటి పెట్టుకునేవి. జీఎస్టీతో ఆ కారణం పోయింది. కంప్యూటర్లో మా లెక్కల షీటు పన్ను గడిలో సున్నా వేయగానే మా జాబితాలో చిన్న గోడౌన్లు రాలిపోయాయి. మేనేజరు అన్నిటినీ ఆ నెలలోనే ఖాళీ చేయిద్దామన్నారు. కిరాయి గడువు దాకా ఉంచితే పోయేదెంత, అగ్రిమెంటు మధ్యలో తెంచితే కట్టాల్సిందెంత అని పక్కపక్కన వేసి చూపించాను. గడువు దాకా ఉంచారు.