బండిలో వంటగది, వంటగదిలో కారు నీళ్ళు

విజయవాడలో ఆ రాత్రి కరెంటు పోకపోయి ఉంటే, మేం సూర్యలంక బీచ్ దాకా కారుతూనే వెళ్ళేవాళ్ళం.

ట్రావెలర్ వ్యాన్‌ని ఇల్లులా మార్చుకుని హైదరాబాదు నుంచి బయలుదేరిన మొదటి పెద్ద ప్రయాణం అది. రెండు పడకలు, పొయ్యి, సింకు, నూరు లీటర్ల ట్యాంకు. మొదటి మజిలీ భవానీపురంలో మా పిన్ని వాళ్ళ ఇంటి ముందు. "లోపల మూడు గదులు ఖాళీగా ఉంటే రోడ్డు మీద పడుకుంటారురా?" అని పిన్ని నొచ్చుకుంది. మావాడు వినలేదు. వాళ్ళింటి ప్లగ్గు నుంచి వైరు లాక్కుని బండిలో ఏసీ వేసుకున్నాం. మే నెలలో బెజవాడ, అంతకంటే చెప్పక్కర్లేదు.

రాత్రి ఒంటిగంటకి కరెంటు పోయింది. ఏసీ ఆగింది. ఆ నిశ్శబ్దంలో మా ఆవిడ నన్ను లేపింది.

"ఏవండీ, అదేంటి చప్పుడు?"

టక్‌టక్‌టక్. ఆగింది. ఐదారు నిమిషాలకి మళ్ళీ టక్‌టక్‌టక్.

నీళ్ళ పంపు అది. 12 వోల్టుల బ్యాటరీ మీద నడుస్తుంది కాబట్టి ఇంటి కరెంటుతో దానికి పనిలేదు. కొళాయి తిప్పితే పైపులో ఒత్తిడి తగ్గి తనే మొదలవుతుంది, కట్టేస్తే ఒత్తిడి నిండి తనే ఆగుతుంది. మా పంపు ఆగేది 45 పీఎస్ఐ దగ్గరని దాని మీదే రాసుంది. కొళాయిలన్నీ కట్టేసి ఉండగా అది మొదలవుతోందంటే నీళ్ళు ఎక్కడికో పోతున్నట్టే. సాయంత్రం సింకు కింద తడి చూసి, పచ్చడి జాడీ ఒలికిందనుకుని తుడిచేశాను. తెలివి!

పంపు స్విచ్చి కట్టేశాను. దగ్గర్లోనే వైర్లు ఉన్నాయని ఇన్వర్టరూ ఆపేశాను. టార్చిలైటుతో సింకు కింద వెతికితే కనిపించిన జాయింట్లన్నీ పొడిగానే ఉన్నాయి. నీరు వెనక నుంచి వస్తోంది. వెనకంటే సొరుగులకి, వెనక చక్రం మీది రేకు డిప్పకి మధ్య నాలుగు వేళ్ళ సందు. బండి కట్టినవాళ్ళు ముందు పైపు వేసి, దాని మీద వంటగది బిగించేశారు. చెయ్యి పట్టే దారి ఎక్కడా లేదు.

ఫోన్లో వీడియో ఆన్ చేసి, టార్చి వెలిగించి, సొరుగు తీసిన ఖాళీలోంచి లోపలికి దించాను. బయటికి తీసి చూస్తే ప్లైవుడ్డు, చీకటి, నా బొటనవేలు. నాలుగోసారికి కనిపించింది: గట్టి ప్లాస్టిక్ పైపు మలుపు తిరిగేచోట ఎల్బో, దాని అంచున వేలాడుతున్న చుక్క. అప్పటికి మావాడూ లేచాడు. తొమ్మిదేళ్ళ చెయ్యి సందులో దూరింది. టిష్యూ కాగితం ఇచ్చి ఎల్బో చుట్టూ అద్దమన్నాను. పైవైపు పొడి, కిందవైపు తడి. జాడ దొరికింది కానీ వాడి చేతికి పానా అందించి బిగించమనలేం కదా. పొడుగు స్క్రూడ్రైవర్‌తో నేనే ఏదో చేద్దామని పోయి, దాన్నీ లోపలికి జారవిడిచాను.

తెల్లారాక పిన్ని పాత తువ్వాళ్ళు పట్టుకొచ్చింది. ట్యాంకులో మిగిలిన నీళ్ళన్నీ బకెట్లతో ఆవిడ మొక్కలకి పోశాం. కనకదుర్గ ఫ్లైఓవర్ ఎక్కి, బందరు రోడ్డు మీదుగా బెంజి సర్కిల్ దాటి ఆటోనగర్ చేరేసరికి తొమ్మిది. 1966లో మొదలైన ఊరు అది. ఊరనే అంటాను, ఇంజన్ విప్పేవాళ్ళు ఒక వీధి, లారీలకి బాడీ కట్టేవాళ్ళు ఒక వీధి.

లారీ క్యాబిన్లు కట్టే ఒక పెద్దాయన షెడ్డు దగ్గర ఆపాం. వంటగది మొత్తం విప్పాలంటాడని నా టెన్షన్. ఆయన వంటగది వైపే చూడలేదు. పక్కనున్న పడక మీద పరుపు తీసి, కింది సామాన్ల పెట్టెలో తలపెట్టి, చెక్క మీద వేలితో కొట్టి చూశాడు.

"ఇటునుంచి జానెడు దూరం బాబూ. ఇక్కడ తలుపు పెడితే సరి."

అవతల వైరుగానీ గ్యాసు గొట్టంగానీ లేవని నా ఫోన్ వీడియో రెండుసార్లు చూశాకే రంపం పట్టాడు. చెక్క తెగాక మొదట బయటికొచ్చినవి నా స్క్రూడ్రైవరు, కొన్న వారానికే మాయమైన మా టీ వడకట్టు. తర్వాత ఎల్బో. వెంట్రుకంత చీలిక!

"ఇళ్ళల్లో వేసే పైపు సార్ ఇది. ఇల్లు కదలదు, బండి కుదుపుతుంది. మలుపు దగ్గర జిగురుతో అతికించి, అటూ ఇటూ బిగించేస్తే అక్కడే విరుగుతుంది."

ఆ ముక్క కోసేసి, తాగునీటికి పనికొచ్చే మెత్తని పైపు, మలుపు లేకుండా వెడల్పుగా వంపు తిప్పి వేశాడు. రెండు చివర్లా పైపులు కలిపే నిపుల్, స్టీలు క్లిప్. చక్రం డిప్ప రేకుకి రాసుకోకుండా రబ్బరు తొడుగు. ట్యాంకు నింపి పంపు వేశాం. కాసేపు కొట్టుకుని ఆగింది. టిష్యూ చుట్టి టీ తాగొచ్చాం. కాగితం పొడిగా ఉంది, పంపు పలకలేదు. కోసిన చెక్కకే కీలు వేసి తలుపు చేశాడు. ఉబ్బిన ప్లైవుడ్డు ఆరేదాకా ఆ తలుపు తెరిచే ఉంచమన్నాడు.

వారధి దాటి, మంగళగిరి దగ్గర చెట్టు నీడన ఆగాం. నేనూ మా ఆవిడా కిందికి దిగామో లేదో, బండిలోంచి టక్‌టక్‌టక్. ఇద్దరం మొహమొహాలు చూసుకున్నాం.

"నేనే డాడీ! మామిడికాయ కడుగుతున్నా."