మక్తల్ నుంచి మడ అడవి దాకా: నా ఎం.ఎస్సీ ప్రాజెక్టు అనుభవం

ఎం.ఎస్సీ ఎన్విరాన్‌మెంటల్ సైన్స్ చివరి సెమిస్టర్‌లో ప్రాజెక్టు టాపిక్ చెప్పమంటే నేను కృష్ణా డెల్టా మడ అడవులు (తీరంలో ఉప్పునీటి బురదలో పెరిగే మాంగ్రోవ్ అడవులు) అన్నాను. మహబూబ్‌నగర్‌లో చదివేవాళ్లు మామూలుగా ఫ్లోరైడో, చెరువుల నీళ్లో తీసుకుంటారు. "సముద్రం ఎప్పుడన్నా చూసినవా?" అని మా గైడ్ మేడం అడిగారు. చూడలేదు. కానీ కృష్ణను చూస్తూ పెరిగాను. మాది మక్తల్ దగ్గర ఊరు. నది తెలంగాణలోకి అడుగుపెట్టేది మా వైపే, తంగిడి దగ్గర. జూరాల, శ్రీశైలం, సాగర్, ప్రకాశం బ్యారేజీ అన్నీ దాటాక ఎంత నీరు, ఎంత ఒండ్రు మిగిలి, నది సముద్రంలో కలిసే హంసలదీవి వైపు పోతుందో, మడ అడవి బతుకు చాలావరకు దాని మీదే ఉంది. మంచినీళ్లు తగ్గితే ఉప్పు పెరుగుతుంది. ఒండ్రు రాకపోతే తీరం కోసుకుపోతుంది. ఇదే చెప్పాను. మేడం ఒప్పుకున్నారు గానీ, పర్మిషన్లు, ఖర్చులు నా తిప్పలే అన్నారు.

సగం పని రూమ్‌లో కూర్చునే అయిపోతుంది. సెంటినెల్-2 ఉపగ్రహం బొమ్మలు ఉచితం, ఒక్కో చుక్క నేల మీద 10 మీటర్లు. పాత సంగతి కావాలంటే లాండ్‌శాట్ ఉంది, 30 మీటర్లు. వానాకాలం బొమ్మల్లో మబ్బులు తప్ప ఏమీ కనిపించవు కాబట్టి డిసెంబర్ నుంచి మార్చి మధ్యవి ఏరుకున్నాను. ఇంకో సంగతి నాకు ఎవరూ చెప్పలేదు: ఉపగ్రహం పోటు మీద (సముద్రం నీళ్లు ఎక్కినప్పుడు) తీసిందా, పాటు మీద (దిగినప్పుడు) తీసిందా అన్నది చూసుకోవాలి. పోటులో చిన్న మొక్కలు నీళ్లలో మునిగి అడవి తక్కువగా కనిపిస్తుంది. అందుకే ప్రతి బొమ్మ పక్కన ఆ రోజు పోటు సమయం రాసి పెట్టుకున్నాను. ఈ పని చేసేవాళ్లు మొదటి రోజే అది మొదలుపెడితే మంచిది.

అసలు తలనొప్పి సర్కారు తుమ్మ. పాలమూరులో ఎక్కడ చూసినా అదే, అక్కడ రొయ్యల చెరువు గట్ల మీద కూడా అదే. ఎండాకాలంలోనూ పచ్చగా ఉంటుంది కాబట్టి పచ్చదనం సూచికలో మడతో కలిసిపోతుంది. మడ కింద నేల తడి. తుమ్మ కింద పొడి. తడిని పట్టే షార్ట్‌వేవ్ ఇన్‌ఫ్రారెడ్ బ్యాండ్ కలిపి చూస్తే రెండూ చాలావరకు విడిపోయాయి. పూర్తిగా విడిపోలేదు. మిగిలింది వెళ్లి కళ్లతో చూడాల్సిందే.

గూగుల్ ఎర్త్‌లో పాత బొమ్మలు వెనక్కి తిప్పుతుంటే అడవి మధ్య ఖాళీ మచ్చల్లో చేప ముల్లులాంటి గీతలు కనిపించాయి. సంక్రాంతికి ఇంటికెళ్లినప్పుడు మా నాయినకు చూపించాను. ఆయన పాలమూరు లేబర్‌గా దేశమంతా కాలువలు, కట్టలు పోసి వచ్చిన మనిషి. చదువు రాదు. లాప్‌టాప్ దగ్గరికి జరిగి, "ఇవి తవ్విన కాల్వలు కొడుకా. నీళ్లు తెచ్చేటివి కావు, వచ్చిన నీళ్లు నిలవకుండ తిరిగి పోయేటందుకు" అన్నాడు.

సరిగ్గా అదే. ఒకప్పుడు చెట్లు నరికిన చోట నేల కుంగి పళ్లెంలా మారుతుంది. పోటు నీళ్లు ఎక్కి దిగలేక ఎండుతాయి, ఉప్పు మిగులుతుంది, మొలక బతకదు. 1990ల చివర చెన్నైలోని ఎం.ఎస్. స్వామినాథన్ పరిశోధన సంస్థ, అటవీ శాఖలు, తీర గ్రామాల వాళ్లు కలిసి తమిళనాడులోని పిచ్చావరంలో, మన కృష్ణా, గోదావరి డెల్టాల్లో ఈ పద్ధతి పెట్టారు. పెద్ద కాలువ పాయలో కలుస్తుంది, పిల్ల కాలువలు ఏటవాలుగా దానిలో కలుస్తాయి. పోటుకు నీళ్లు ఎక్కి, పాటుకు దిగిపోతూ ఉప్పు కడుక్కుపోతుంది. మడ పునరుద్ధరణ అంటే మొక్క పట్టుకుని ఫోటో దిగడం అనుకునేవాళ్లకు ఇది రుచించదు. ఎక్కువ భాగం మట్టి పనే. వాలు కుదిరితే చాలా చోట్ల విత్తనాలు నీళ్లతో అవే కొట్టుకొస్తాయి.

నాయిన ఆ వెంటనే ఇంకో మాట అడిగాడు: "మరి పూడిక ఎవరు తీస్తరు?" దానికి నా దగ్గర జవాబు లేదు.

పర్మిట్ సంగతి క్లుప్తంగా. ఈ మడ అడవి ఉన్న కృష్ణా అభయారణ్యంలో పరిశోధనకు అడుగు పెట్టాలంటే 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం సెక్షన్ 28 కింద అనుమతి కావాలి. రాష్ట్రం వేరు కాబట్టి ఎవరిని అడగాలో తెలుసుకోవడమే ఒక పని. గైడ్ లెటర్, సినాప్సిస్, పాయింట్లు గుర్తించిన మ్యాప్, ఏ మొక్కా కోయనని హామీపత్రం పెట్టాను. ఫైలు ఒక ఆఫీసులో ఆగింది. సబ్మిషన్ తేదీ దగ్గర పడుతుంటే టెన్షన్‌తో నిద్ర పట్టేది కాదు. మేడం స్వయంగా ఫోన్ చేశాకే కదిలింది.

విజయవాడ, అవనిగడ్డ మీదుగా నాగాయలంక చేరాను. పడవ నడిపిన పెద్దాయన అమావాస్య మర్నాడే వెళ్దామన్నారు. ఆ రోజుల్లో పోటు పెద్దది, లోపలి పాయల్లోకి పడవ పోతుంది. కానీ పాటు మొదలైతే ఆగేది లేదు, బురదలో కూరుకుంటాం. "రాసుకోవడం తర్వాత అండీ, ముందు పడవెక్కండి" అని తరుముతూనే ఉన్నారు. తిల్ల చెట్టు పాలు కంట్లో పడితే చూపు పోతుందని కొమ్మ తాకనివ్వలేదు. మడ ఆకు నాలిక మీద పెట్టి చూడమన్నారు, ఉప్పగా ఉంది. చెట్టు తాగిన ఉప్పును ఆకు మీదికి తోసేస్తుందట, పుస్తకంలో చదివిందే.

కాలువ ఉన్న మచ్చల్లో, లేని మచ్చల్లో రిఫ్రాక్టోమీటర్‌తో ఉప్పు చూశాను. సముద్రంలో లీటరుకు 35 గ్రాములకు అటూ ఇటూ ఉంటుంది. కాలువ లేని ఖాళీ నేల గుంటల్లో అంతకంటే బాగా ఎక్కువ వచ్చింది. నీళ్లు ఆడుతున్న కాలువల వెంట తెల్ల మడ నా ఎత్తు దాటింది. కొన్ని కాలువలు మాత్రం మూతి దగ్గర పూడిపోయి, వాటి చివర మళ్లీ ఖాళీ మొదలైంది. బొమ్మలో ఆ చోట్లు వాడిపోయినట్టు ఎందుకు కనిపించాయో అప్పుడు తెలిసింది.

ఇంటికొచ్చి నాయినతో కూర్చున్నాను. పూడిన పొడవు, వెడల్పు, లోతు నేను చెప్తుంటే ఆయన లెక్క కట్టాడు. తడి మట్టికి ఒక రేటు, మోత దూరానికి లీడు, ఎత్తుకు లిఫ్టు. జేసీబీ అక్కడ దిగబడుతుంది కాబట్టి పార, తట్టతోనే. ఆ పట్టికను రిపోర్టు చివర పెట్టాను.

వైవాలో ఎక్స్‌టర్నల్ సార్ మ్యాపులు గబగబా తిప్పేసి ఆ పేజీ దగ్గర ఆగారు. లీడు, లిఫ్టు అంటే ఏంటో చెప్పమన్నారు, ఈ రేట్లు ఎక్కడివని అడిగారు. చెప్పాను. పర్మిట్ షరతు ప్రకారం రిపోర్టు కాపీ ఒకటి అటవీ ఆఫీసుకు ఇవ్వాలి. పంపేటప్పుడు ఆ పట్టికను తీసి మ్యాపుల కంటే ముందు పెట్టాను.