పీపా మోత, ఘటం నాదం

ఈ ఉదయం సాధన ముగించి ఘటాన్ని పాత పంచెలో చుట్టబెడుతుండగా మేనల్లుడు వచ్చి, "మామయ్యా, ఈయన కూడా మీలాగే పక్కవాద్యం వాయించేవారే, ఒక్కసారి చూడండి" అంటూ ఫోను నా చేతిలో పెట్టాడు. తెర మీద విదూషకుడి ముసుగు తొడుక్కున్న మనిషి ఒకరు, బీరు నింపే లోహపు పీపాను బేస్‌బాల్ బ్యాటుతో బాదుతున్నారు. ఆయన పేరు షాన్ క్రేహాన్ అనీ, స్లిప్‌నాట్ అనే హెవీ మెటల్ బృందంలో ఆయనది పర్కషన్, అంటే ప్రధాన డ్రమ్స్‌కు తోడుగా మోగే తాళవాద్యాలు, అనీ వాడే చెప్పాడు.

మొదటిసారి విన్నప్పుడు నాకు మోత తప్ప మరేమీ చెవికెక్కలేదు. వాడు వెళ్లాక ఇయర్‌ఫోన్లు పెట్టుకుని మళ్లీ విన్నాను. డ్రమ్మరు రెండు కాళ్లతో బేస్ డ్రమ్మును ఎడతెగకుండా నడిపిస్తున్నంతసేపూ మంద్ర స్థాయి అంతా నిండిపోయి ఉంటుంది. పీపా మీద పడే దెబ్బ మాత్రం ఆ నిండుదనంలో మునిగిపోకుండా, ఖంగుమంటూ పైకి తేలుతుంది. మృదంగంలో మంద్రంగా పలికే ఎడమవైపు ముఖం, తొప్పి, గంభీరంగా మోగుతున్నప్పుడు ఘటం మెడ మీద వేలి దెబ్బ స్పష్టంగా తెలియడానికి కూడా ఇదే కారణం.

మధ్యాహ్నం భోజనం తరువాత ఆ బృందం సంగతులు చదువుతూ కూర్చున్నాను. 1995లో అమెరికాలోని అయోవా రాష్ట్రంలో, డెమోయిన్ నగరంలో దాన్ని స్థాపించినవారిలో క్రేహాన్ ఒకరు. తొలినాళ్లలో డ్రమ్స్ ముందు కూర్చున్నది ఆయనే. జోయీ జోర్డిసన్ అనే యువకుడు వచ్చినప్పుడు ఆ ఆసనాన్ని అతనికి వదిలి, తాను పర్కషన్ వైపు జరిగారు. తాను స్థాపించిన బృందంలో ప్రధాన వాద్యాన్ని మరొకరికి అప్పగించి పక్కకు జరగడం ఎంత కష్టమో, ముప్పై ఏళ్లుగా మృదంగం పక్కన కూర్చుంటున్న నాకు తెలుసు. అక్కడే నాకు ఆయన మీద గౌరవం కలిగింది. 2013లో జోర్డిసన్ బృందాన్ని విడిచారు, 2021లో కన్నుమూశారు. ఆ స్థానంలోకి జే వైన్‌బర్గ్, 2024లో బ్రెజిల్‌కు చెందిన ఎలోయ్ కాసాగ్రాందే వచ్చారు. డ్రమ్మరు మారిన ప్రతిసారీ ఆ కొత్త చేతివాటాన్ని, అతడు ఊపిరి తీసుకునే చోటును, పక్కనున్నవారు మళ్లీ మొదటినుంచి నేర్చుకోవలసిందే. మా కచేరీలలో మృదంగ విద్వాంసులు మారినప్పుడు మొదటి కీర్తన ముగిసేవరకు నా వేళ్లు ఘటాన్ని కేవలం తాకుతూ ఉంటాయి.

నిన్న రాత్రి ఆ జాగ్రత్తను నేను పాటించలేదు. కీర్తనలో పల్లవి తరువాత వచ్చే అనుపల్లవి దగ్గర గాయని రాగభావాన్ని నెమ్మదిగా విప్పుతుండగా, మృదంగం కావాలనే తగ్గిన చోట, ఖాళీ కనిపించిందన్న తొందరలో వేగపు నడకను కుమ్మరించాను. ఎవరూ ఏమీ అనలేదు, కానీ ఆమె ఆ పాదాన్నే కొత్తగా మలిచి పాడే మరో సంగతి వేయకుండానే చరణానికి వెళ్లిపోయింది. అది నా మనసును రోజంతా కలచివేసింది.

సాయంత్రం ఫోనులో ఆ ప్రదర్శనను మరొకసారి చూశాను. ఈసారి క్రేహాన్ కొట్టిన దెబ్బల కన్నా, బ్యాటును కిందికి దించి డ్రమ్మరు వైపు చూస్తూ నిలబడిన క్షణాలనే లెక్కపెట్టాను. తరువాత ఎల్లుండి కచేరీకి రాసుకున్న కృతుల జాబితా తీసి, అనుపల్లవి పక్కన "వాయించకు" అని పెన్సిలుతో రాసుకున్నాను.