చెత్తడబ్బా మూతల చప్పుడు

ఇంగ్లండ్‌లో నేను పనిచేసే కేర్ హోమ్‌లో ఒక పెద్దాయన ఉన్నారు. డెబ్బై అయిదు దాటాయి, మతిమరుపు మొదలైంది. కారిడార్‌లో నడిచేటప్పుడు నాలుగడుగులకోసారి ఆగి, పూర్తిగా వెనక్కి తిరిగి, అలాగే రెండడుగులు వేసి మళ్ళీ ముందుకు తిరుగుతారు. పడిపోతారని మాకు భయం. కేర్ ప్లాన్‌లో "నడకలో అయోమయం" అని రాసింది నేనే.

అయోమయం కాదని వాళ్ళబ్బాయి చెప్పాడు. ఉత్తర ఐర్లండ్ రాజధాని బెల్‌ఫాస్ట్‌లో బ్రిటిష్ సైన్యం నలుగురేసి గస్తీ తిరిగేది. ఆ జట్టుని "బ్రిక్" అనేవారట. చివరివాడి పని వెనకవైపు కాయడం. ఈయన ఆ చివరివాడు.

ఉత్తర ఐర్లండ్ గురించి అప్పటికి నాకు తెలిసింది ఇంతే: కాథలిక్కులు, ప్రొటెస్టెంట్లు కొట్టుకున్నారు, మధ్యలోకి సైన్యం వచ్చింది. మతకలహాలు అనుకుని ఊరుకున్నాను. ఇళ్ళ కేటాయింపులో వివక్ష గురించి, స్థానిక ఎన్నికల్లో ఓటు అందరికీ లేకపోవడం గురించి, అసలు ఆ నేల బ్రిటన్‌దా ఐర్లండ్‌దా అన్న తగువు గురించి చాలా ఆలస్యంగా చదివాను. ఆయన నోట మాత్రం ఆ రెండు మతాల పేర్లూ నేనెప్పుడూ వినలేదు. ఆయనకి గుర్తున్నవి వీధి మలుపులు, సగం తెరిచిన కిటికీలు, చప్పుళ్ళు.

1969 ఆగస్టులో మొదటిసారి దిగినప్పుడు ఫాల్స్ రోడ్ ఆడవాళ్ళు వాళ్ళకి టీ, శాండ్‌విచ్‌లు తెచ్చి ఇచ్చారట. అవి కాథలిక్ వీధులు. ఇళ్ళు తగలబడుతుంటే కాపాడటానికి వచ్చారని సంతోషం. మూడేళ్ళకి మళ్ళీ వెళ్తే, జవాన్లు సందు మొదట్లో కనబడగానే ఆడవాళ్ళు చెత్తడబ్బా మూతలు తీసి పేవ్‌మెంట్‌కేసి బాదేవారు. సైన్యం వస్తోందని హెచ్చరిక. ఒక సందు మొదలుపెడితే పక్క సందు అందుకునేది. "టీ ఇచ్చిన చేతులే" అంటారు ఆయన. ఎందుకలా మారారో ఇప్పటికీ ఆయనకి అంతుపట్టలేదు.

ఆ మధ్యలో చాలా జరిగింది. 1970 జూలైలో ఫాల్స్‌లో కర్ఫ్యూ పెట్టి ఇల్లిల్లూ సోదా చేశారు. 1971 ఆగస్టు 9 తెల్లవారుజామున తలుపులు బద్దలుకొట్టి, విచారణ లేకుండా నిర్బంధించడానికి మనుషుల్ని పట్టుకుపోయారు. దాదాపు అందరూ కాథలిక్ వర్గం వాళ్ళే. ఆ రోజు మొదలు మూడురోజుల్లో, బెల్‌ఫాస్ట్‌లోనే ఉన్న బాలీమర్ఫీలో పదిమంది కాల్పుల్లో చనిపోయారు. వాళ్ళు పూర్తిగా నిర్దోషులని విచారణలో తేలేసరికి 2021 వచ్చింది. ఇదంతా జరిగినప్పుడు మా పెద్దాయన జర్మనీ బారక్స్‌లో ఉన్నారు. ఆయన బెల్‌ఫాస్ట్ నాలుగేసి నెలల ముక్కలు. ముక్కకీ ముక్కకీ మధ్య ఏమైందో ఆ వీధికి తెలుసు, ఆయనకి తెలీదు.

పోయిన వేసవిలో నేను బెల్‌ఫాస్ట్ వెళ్ళాను. టాక్సీ డ్రైవర్ ఫాల్స్‌లోనే పుట్టినవాడు. డివిస్ టవర్ కింద ఆపాడు. ఇరవై అంతస్తుల్లో పై రెండూ ఒకప్పుడు సైన్యం చేతిలో ఉండేవి. కింద దారి ప్రమాదమని జవాన్లు హెలికాప్టర్లో పైకప్పు మీద దిగేవారు. 2005లో ఆ పోస్టు తీసేశారు. మా పెద్దాయన ఒక విడత డ్యూటీలో అక్కడున్నారు. ఏ ఇంట్లో ఎవరు ఎన్నింటికి లేచేవారో, ఎవరు ఏ రోజు బట్టలారేసేవారో చెబుతారు. "వాళ్ళంతా నాకు బాగా తెలుసు" అంటారు, ప్రేమగానే. డ్రైవర్‌కి గుర్తున్నది హెలికాప్టర్ మోత, నిద్రపట్టక కూర్చున్న వాళ్ళమ్మ. సైనికుల్లో ఒక్కరి ముఖమూ గుర్తులేదన్నాడు.

"మీ పెద్దాయన మొదటిసారి వచ్చినప్పుడు వయసెంత?"

"పంతొమ్మిది."

"నాకు ఏడు" అని బండి తీశాడు.

కాథలిక్, ప్రొటెస్టెంట్ వీధుల్ని విడదీసే గోడ, పీస్ వాల్ దగ్గర పేరు రాయమని మార్కర్ ఇచ్చాడు. అందరూ రాస్తారు, నేనూ తెలుగులో రాశాను. తర్వాత అవతలివైపు బాంబే స్ట్రీట్‌కి తీసుకెళ్ళాడు. 1969లో తగలబడిన వీధి అది. గోడకి ఆనుకున్న పెరళ్ళ మీద, పైనుంచి విసిరేవి పడకుండా ఇనప వలలు ఇప్పటికీ ఉన్నాయి. ఒకరి వంటింటి వెనకగోడ మీద నా పేరు రాసి వచ్చానని సిగ్గేసింది.

మర్నాడు ఉత్తర ఐర్లండ్‌లోనే ఇంకో ఊరు, డెరీ. అక్కడి కాథలిక్ పేట బాగ్‌సైడ్‌లో 1972 జనవరి 30న బ్రిటిష్ సైన్యపు పారాచూట్ రెజిమెంట్ జనాన్ని కాల్చిన చోట స్మారకం దగ్గర పేర్లన్నీ చదివాను. పదముగ్గురు ఆ రోజే పోయారు, పద్నాలుగోవారు తర్వాత. ఆ కాల్పులకి సమర్థన లేదని బ్రిటన్ ప్రధాని పార్లమెంటులో ఒప్పుకున్నది 2010 జూన్ 15న. తిరిగొచ్చాక ఆయన్ని అడిగాను. "అది పారాలు. మేం కాదు" అన్నారు. ఆయన లెక్కలో రెజిమెంట్లు వేరువేరు. వీధి లెక్కలో అందరిదీ ఒకటే యూనిఫాం. ముప్ఫై ఎనిమిదేళ్ళు నిజం కోసం నిలబడ్డ ఆ కుటుంబాల వైపే నేను. అయినా, ఆ గొడవల కాలమంతటా సాయుధ ముఠాల దాడుల్లో చనిపోయిన 700 మందికి పైగా సైనికుల్లో ముగ్గురిని ఈయన రాత్రుళ్ళు పేరుపెట్టి పిలుస్తుంటే, పక్కన కూర్చునేదీ నేనే.

కేర్ ప్లాన్‌లో "అయోమయం" కొట్టేసి, "వెనక్కి తిరిగి చూస్తారు, తొందరపెట్టవద్దు" అని రాశాను. వంటగదిలో స్టీలు మూతలు కింద పడకుండా చూడమని చెప్పాను. ఎందుకని అడిగారు. ఎక్కడ మొదలుపెట్టాలో తెలియక, ఆ చప్పుడు ఆయనకి పడదని మాత్రం చెప్పాను.