ఊ కొట్టే కుక్క బొమ్మ చేశాం, నా అనుభవం

మేముండేది న్యూజెర్సీలో, ఇక్కడ మా తెలుగు బడి పిల్లల ఉగాది ప్రోగ్రాంకి ఈసారి డాన్సులతో పాటు ఒక పప్పెట్ షో పెడదాం అని నేనే అన్నాను. నా మనసులో ఉన్నది జిమ్ హెన్సన్ అవర్, మప్పెట్స్ బొమ్మలు చేసిన జిమ్ హెన్సన్ అమెరికా టీవీలో నడిపిన బొమ్మల షో. 1989 ఏప్రిల్‌లో ఎన్‌బీసీలో మొదలైంది, గంట ప్రోగ్రాం, ముందు సగం కెర్మిట్ అనే కప్ప బొమ్మ కంట్రోల్ రూంలో కూర్చుని నడిపే కామెడీ, రెండో సగం ఏదో ఒక పెద్ద కథ. 12 ఎపిసోడ్లు తీస్తే ఎన్‌బీసీ వాళ్ళు 9 మాత్రమే వేసి ఆపేశారు, అది నాకు ఇప్పటికీ బాధే. ఆ కథల్లో స్టోరీటెల్లర్ అనే భాగం అంటే నాకు ప్రాణం. నటుడు జాన్ హర్ట్ పొయ్యి పక్కన కూర్చుని కథ చెప్తుంటాడు, పక్కన ఒక కుక్క బొమ్మ ఉండి మధ్యమధ్యలో డౌట్లు అడుగుతుంటుంది, ఆ కుక్కని ఆడించింది హెన్సన్ కొడుకు బ్రయాన్. మేం కూడా అలాగే 10 నిమిషాలు కామెడీ, 15 నిమిషాలు కథ అనుకున్నాం. కథ ఏడు చేపల కథ.

కుక్క బొమ్మ చెయ్యడానికే నాలుగు వారాంతాలు పట్టింది. అర అంగుళం ఫోమ్ షీట్ కట్ చేసి తల చెయ్యాలి, పైన ఫ్లీస్ బట్ట. మొదటి తల గ్లూ గన్‌తో అతికించాను, అతుకులన్నీ గట్టిపడి నోరు తెరిస్తే బుగ్గలు కదల్లేదు, పక్కన పెట్టేశా. రెండోదానికి కాంటాక్ట్ సిమెంట్ అనే జిగురు వాడాను, రెండు వైపులా రాసి, కాస్త ఆరి జిగురుగా అయ్యాక అప్పుడు అతికించాలి, వాసన ఘాటు కాబట్టి గరాజ్ తలుపు పూర్తిగా తీసి చెయ్యండి. ఈసారి మెత్తగా వచ్చింది.

అసలు కష్టం ఆడించడంలో ఉంది. హాలు పెద్దది కాబట్టి కెమెరా పెట్టి స్క్రీన్ మీద చూపిద్దాం అనుకున్నాం, అంటే టీవీ పప్పెట్ వాళ్ళలాగే చెయ్యి పైకెత్తి, కళ్ళు మాత్రం కింద పెట్టిన మానిటర్ మీద ఉంచి ఆడించాలి. మానిటర్ అద్దం కాదు, మనం కుడికి జరిపితే బొమ్మ స్క్రీన్ మీద ఎడమకి పోతుంది. నేను మొదట ఫోన్ సెల్ఫీ కెమెరాతో ప్రాక్టీస్ చేశాను, అది అద్దంలాగా చూపిస్తుంది, అందుకని అసలు కెమెరా ముందుకొచ్చాక నేర్చుకున్నదంతా తిరగబడింది. మీరెవరైనా చేస్తే మొదటి రోజు నుంచే వెనక కెమెరాతో చెయ్యండి.

ఇంక పెదవులు. మాట పలికేటప్పుడు నోరు తెరుచుకోవాలి, కొత్తవాళ్ళం అందరం మాటకి మూసేస్తాం, బొమ్మ మాటల్ని కొరుకుతున్నట్టు ఉంటుంది. పైగా తెలుగులో దాదాపు ప్రతి మాటా అచ్చుతోనే ఆగుతుంది, "ఎందుకెండలేదు" అనడానికి అక్షరానికోసారి తెరిస్తే వేళ్ళు పడిపోతాయి, చూడ్డానికి కూడా గడగడలాడినట్టుంటుంది. ఎం, కెం, లే అని మూడు చోట్ల తెరిస్తే సరిపోయింది, ఇది మాకు ఎవరూ చెప్పలేదు, చేసి చేసి తెలుసుకున్నాం.

రిహార్సల్లో కామెడీకి పిల్లలు పగలబడి నవ్వారు, కథ మొదలయ్యేసరికి సగం మంది లేచి ఆడుకోడానికి వెళ్ళిపోయారు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. అనంతపురంలో ఉన్న నాన్నకి ఫోన్ చేసి చెప్పాను. నాన్న చిన్నప్పుడు రాత్రంతా తోలుబొమ్మలాట చూసిన మనిషి, నిమ్మలకుంటలో ఆ బొమ్మలు చేసే దళవాయి చలపతిరావు గారికి 2020లో పద్మశ్రీ వచ్చినప్పుడు సొంత మనిషికి వచ్చినట్టు ఊరంతా చెప్పారు. "నవ్వు ముందే అంతా అయిపోగొట్టి తర్వాత కథ పెడితే ఎట్లమ్మా? రామాయణం నడుస్తుంటే మధ్యలో కేతిగాడు, బంగారక్క వచ్చి నవ్వించేవాళ్ళు కదా. అయినా మీ అవ్వ కథ చెప్తుంటే నువ్వు ఊ కొట్టేదానివి, ఇక్కడ ఊ కొట్టేది ఎవరు?" అన్నారు.

అంతే, కుక్కకి ఊ కొట్టడం నేర్పాం. స్క్రిప్ట్ మొత్తం మార్చేశాం, కథ ముందే మొదలై జోకులు దాని మధ్యలోకి వచ్చాయి. కథ చెప్పే అంకుల్ చెప్తారు, కుక్క "ఊ" అంటుంది, ఆయన ఆగితే "చేపా చేపా ఎందుకెండలేదు" అని అదే అడుగుతుంది. చేప గడ్డిమోపు మీద చెప్తుంది, గడ్డిమోపు ఆవు మీద, అలా ఒకదాని మీద ఒకటి చెప్పుకునే కథ కదా, అడిగేవాళ్ళు ఉంటేనే దానికి ఊపు వస్తుందని అప్పుడు అర్థమైంది.

ప్రోగ్రాం రోజు మూడో ప్రశ్నకే పిల్లలు కుక్కతో కలిసి అడగడం మొదలుపెట్టారు, తెలుగు సరిగ్గా రాని పిల్లలు కూడా. నేను బల్ల వెనక మోకాళ్ళ మీద ఉన్నాను, చెయ్యి మొద్దుబారిపోయింది, కళ్ళు మానిటర్ మీదే. "చీమా చీమా ఎందుకు కుట్టావ్" అని కుక్క అడిగింది, అంకుల్ నోరు తెరిచేలోపే ఇండియా నుంచి వచ్చిన ఒక అమ్మమ్మ గారు ముందు వరసలోంచి "నా బంగారు పుట్టలో వేలు పెడితే కుట్టనా" అని గట్టిగా అనేశారు, అంకుల్ ఇంక ఆ మాట చెప్పకుండా ఆవిడకే వదిలేశారు. నేను కుక్క తలని ఆవిడ వైపు తిప్పి "ఊ" అన్నాను.