పెన్‌డ్రైవ్‌లో బాణం గుర్తులు

జిరాక్స్ షాపు నుంచి వచ్చి పెన్‌డ్రైవ్ పెడితే ఫోల్డర్లన్నీ షార్ట్‌కట్‌లైపోయాయి. ప్రతిదాని మూలన చిన్న బాణం గుర్తు. నాన్న పొలం కాగితాల స్కాన్‌లు అందులోనే ఉన్నాయి. గుండె జారిపోయింది.

తమ్ముడి ల్యాప్‌టాప్‌లో విండోస్ బదులు ఉబుంటు అనే లినక్స్ ఉంటుంది, అందులో పెట్టి చూశాం. వైరస్ దాచేసిన ఫోల్డర్లు మామూలుగానే కనిపించాయి! ఆ షార్ట్‌కట్‌లు అక్కడ ఉత్త ఫైళ్లే.

లినక్స్‌కి వైరస్ రాదని కాదు. రాసేవాడు ఎక్కువమంది వాడే విండోస్ కోసమే రాస్తాడు, షాపుల్లో ఉండేది అదే కదా. పైగా చాలాచోట్ల అప్‌డేట్లు ఆపేసి, అన్ని అనుమతులూ ఉండే అడ్మిన్ ఖాతాతోనే నడిపిస్తారు. 2017 మేలో విండోస్ కంప్యూటర్లలో ఫైళ్లకి తాళం వేసి డబ్బు అడిగే వానాక్రై వ్యాపించింది. దాన్ని ఆపే అప్‌డేట్ మార్చిలోనే వచ్చినా చాలామంది వేసుకోలేదు.

రేపు షాపు అన్నకి చెప్పాలి. హాల్‌టికెట్ల కోసం రోజూ ఎంతమంది పిల్లలు అక్కడ పెన్‌డ్రైవ్ పెడతారో.